అరటిపండు యంత్రం

జనం ఆటని ఎక్కడ వదిలేస్తారో కనిపెట్టడం ఢిల్లీశ్వరి ఉద్యోగం.

విశాఖపట్నంలో, సముద్రం కనిపించే కొండ మీద ‘తూనీగ’ అనే వీడియో గేముల కంపెనీ ఉంది. అందులో ఒక గదికి మధ్యన అద్దం గోడ. అవతలివైపు ఎవరో ఒకరు కూర్చుని ఫోనులో కొత్త ఆట ఆడుతుంటారు. కాలేజీ పిల్లలు, ఆటో డ్రైవర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఎవరైనా కావచ్చు. ఇవతల ఢిల్లీశ్వరి కూర్చుంటుంది. వాళ్ళకి ఈమె కనిపించదు. ఎవరి కనుబొమలు ఎక్కడ ముడిపడ్డాయి, ఎవరి కాలు ఊగడం ఎక్కడ ఆగింది, ఎవరు నిట్టూర్చి ఫోను బోర్లా పెట్టేశారు, ఇవన్నీ చూసి చెప్పాలి. కంప్యూటరు చదువులు చదివినవాళ్ళు ఆ కుర్చీలో పూట కూడా నిలవలేకపోయేవారు. ఢిల్లీశ్వరికి విసుగు పుట్టేది కాదు. పలాస దగ్గర పల్లెలో, సర్కారు బడిలో, వెనక వరసలో కూర్చుని నోరు విప్పకుండా అందరి ముఖాలూ చూస్తూ పెరిగిన పిల్ల.

ఆ ఉద్యోగం ఆమెకి వచ్చిన తీరు కూడా చిత్రమే. కంపెనీ పెద్ద ప్రద్యుమ్న వచ్చినవాళ్ళందరినీ ఒకటే ప్రశ్న అడిగాడు. “ఆటలో మజా ఎక్కడుంటుంది?” ఒకరు బొమ్మల్లో అన్నారు, ఒకరు సంగీతంలో అన్నారు, ఒకరు బహుమతుల్లో అన్నారు. ఆఖరున ఢిల్లీశ్వరి వంతు వచ్చింది.

“మా ఊళ్ళో పిల్లలం ఆడుకునేటప్పుడు అరటిపండు ఉండేదండీ,” అంది.

ప్రద్యుమ్న చిన్నప్పటినుంచీ హాస్టళ్ళలో చదివినవాడు. “గెలిచినవాళ్ళకి పెట్టేవారా?” అని అడిగాడు.

“తినే పండు కాదండీ. మరీ చిన్నపిల్లలు మేమూ వస్తాం అని ఏడుస్తారు కదా, వద్దంటే అమ్మలు తిడతారు. అందుకని ‘నువ్వు అరటిపండువే’ అనుకుని చేర్చుకుంటాం. అది దొరికినా దొంగ అవదు. ఓడినా అవుట్ అవదు. పెద్ద పిల్లలందరికీ ఆ సంగతి తెలుసు. దానికొక్కదానికే తెలీదు. అందరికన్నా ఎక్కువ పరిగెత్తేదీ, ఎక్కువ నవ్వేదీ అదేనండి.”

“తెలిస్తే?”

“తెలిసిన రోజే ఆట మానేస్తుంది.”

ప్రద్యుమ్న కుర్చీలోంచి లేచి, పక్క గదిలో ఉన్న వసుంధరను కేకేశాడు. “మేడమ్, ఓసారి ఇలా రండి. మీ యంత్రానికి పేరు దొరికింది.”

వసుంధర అంతకుముందు గుండెజబ్బుల పరిశోధనలో పనిచేసేది. ఫోను గాజు మీద వేలు ఆనించగానే ఆ వేలి చివరి వెచ్చదనం, చెమట, నాడి, కంటికి కనిపించని వణుకు, అన్నీ గాజులోంచే పట్టుకునే విద్య ఆమె కనిపెట్టింది. రోగుల కోసం కనిపెట్టింది గానీ, ఆసుపత్రులు ముందుకి రాలేదు. తూనీగ వచ్చింది. ఇప్పుడు ఆడేవాళ్ళ వేళ్ళలోంచి ఆమె తెర మీదికి ఒక గీత వచ్చేది. ఆశ పెరిగితే గీత కొండలా లేచేది. ఆశ చచ్చిపోతుంటే జారిపోయేది.

గీత చూడటం వసుంధర పని, ముఖం చూడటం ఢిల్లీశ్వరి పని. ఇద్దరూ కలిసి కొన్నాళ్ళు చూశాక ఢిల్లీశ్వరి ఒకరోజు మెల్లగా అంది, “ఓడిపోయామని ఎవరూ మానెయ్యట్లేదు మేడమ్. కొంచెంలో పోయింది అనిపిస్తే ఇంకా ఆడుతున్నారు. అసలు నావల్ల కాదు అనిపించినప్పుడే మానేస్తున్నారు. ఊరికే గెలిచేసినా మానేస్తున్నారు.”

యంత్రం అక్కడే పుట్టింది. వేలిలో ఆశ జారిపోతున్న క్షణాన్ని అది పట్టుకుంటుంది. అప్పుడు తెర మీద గురిని వెంట్రుకవాసి జరుపుతుంది. ఎదుటివాడి గురిని ఇంకో వెంట్రుకవాసి చెడగొడుతుంది. ఎప్పుడూ కాదు. బాగా ఓడిపోయాక, ఇక ఫోను పక్కన పెట్టేస్తారనగా, ఒక్కసారి. గెలిచినవాడు తన చేతి చలవే అనుకుంటాడు. ఎదుట ఆడేది కూడా ఒక్కోసారి మనిషి కాదు, యంత్రమే ఏదో పేరూ ముఖమూ తగిలించుకుని వచ్చి, పోటాపోటీగా ఆడి, చివర్లో ఓడిపోతుంది.

మొదటిసారి దాన్ని ఒక ఆటో డ్రైవరు మీద ప్రయత్నించారు. అతను ఓడాడు, మళ్ళీ ఓడాడు, ఛీ అన్నాడు, బొటనవేలు తెర మీంచి తియ్యబోయి ఆగాడు. ఆ తర్వాతి ఆట గెలిచి కుర్చీలోంచి లేచి నిలబడి, గదిలో ఎవరూ లేకపోయినా, “సూసారా!” అని అరిచాడు. అద్దానికి ఇవతల ఢిల్లీశ్వరి నవ్వేసింది. ఆ ముఖంలో వెలుగు అబద్ధం కాదు కదా అనుకుంది. మర్నాడు అతను ఎవరూ పిలవకుండానే వచ్చి గేటు దగ్గర వాచ్‌మన్‌ని బతిమాలాడాడు. “అన్నా, నిన్నటి ఆట ఇంకొక్కసారి ఇస్తారేటో కనుక్కో.”

ఆ మాట విన్నాక ప్రద్యుమ్న ఆఫీసంతా మిఠాయి పంచాడు.

“మరి కొత్తగా వచ్చినవాళ్ళ వేలు యంత్రానికి తెలీదు కదా. అప్పుడేం చెయ్యాలి?” అని అడిగింది వసుంధర.

“మా ఊళ్ళో అయితే కొత్తగా వచ్చినదాన్ని ముందు అరటిపండు చేస్తాం మేడమ్. దాని ఆట తెలిశాక తీసేస్తాం,” అంది ఢిల్లీశ్వరి. అదే నియమం పెట్టేశారు. కొత్త పేరు రాగానే పక్కన పచ్చని చుక్క పడుతుంది. యంత్రం ఆ వేలిని చదివి, అక్కర్లేదనుకుంటే చుక్క తీసేస్తుంది.

ఆటకి కూడా ఢిల్లీశ్వరి ఊరి ఆటే దొరికింది. వేసవిలో పలాస వైపు పిల్లలు జీడిపిక్కలు వరసగా పేర్చి, దూరం నుంచి పెద్ద పిక్కతో కొడతారు. ఎన్ని చెదిరితే అన్నీ కొట్టినవాళ్ళవి. ఫోనులో అయితే వేలితో వెనక్కి లాగి వదలాలి. ‘పిక్కలాట’ అని పేరు పెట్టి వదిలారు. ఆర్నెల్లు తిరక్కుండా రైళ్ళలో, టీ కొట్ల దగ్గర, పెళ్ళి పందిళ్ళలో, ఎక్కడ చూసినా వేళ్ళు వెనక్కి లాగి వదలడమే. జనం రంగు పిక్కలు కొన్నారు, బంగారు పిక్కలు కొన్నారు. ప్రద్యుమ్న కొండ మీద ఇంకో అంతస్తు లేపాడు.

ఢిల్లీశ్వరి తల్లి పేరు దాలమ్మ. పలాసలో జీడిపప్పు కార్ఖానాలో పిక్కలు కొట్టే పని. భర్త చేపల బోట్ల మీద గుజరాత్ వెళ్ళి ఏడాదికోసారి వస్తాడు. ఢిల్లీశ్వరే ఒకసారి ఇంటికి వెళ్ళినప్పుడు, “మా కంపెనీ ఆట ఇదేనే అమ్మా,” అని తల్లి ఫోనులో పెట్టి వచ్చింది. దాలమ్మకి అంతవరకూ ఫోనంటే కూతురి గొంతు వినిపించే పెట్టె. తర్వాత మధ్యాహ్నం అన్నాలవేళ కార్ఖానా గోడ నీడన కూర్చుని ఆడటం మొదలుపెట్టింది.

ఇక ఫోన్లే ఫోన్లు.

“ఒలే ఢిల్లీ, ఇయ్యాల గుంటూరోడిని కొట్టీసినాను!”

“అన్నం తిన్నావేటే అమ్మా?”

“అన్నం ఎక్కడికి పోద్ది? ఇను ముందు. మా మేస్త్రీ జోగారావు లేడూ, ‘పిక్కలు కొట్టడం నేర్సుకో దాలమ్మా, ఆటలెందుకు’ అన్నాడు. రా నాయినా అని కూకోబెట్టి ఆడినాను. ముఖం సూడాలి! లోపల పప్పు లేని తొక్కలాగుండిపోనాది.”

ఫోను చుట్టూ మూగిన ఆడవాళ్ళ నవ్వులు ఢిల్లీశ్వరికి వినిపించేవి. ఎర్రమ్మ అనే ఆమె గొంతు అన్నిటికన్నా పైన ఉండేది. “మీ అమ్మకి ఇప్పుడు మేం కనబడతన్నామేటే పిల్లా! నడిస్తే నేలే నొచ్చుకుంటాది!”

తల్లి గొంతులో అలాంటి మిడిసిపాటు ఢిల్లీశ్వరి పుట్టాక వినలేదు. దాలమ్మ అంతవరకూ ఎవరిచేతా మెప్పు పొందింది లేదు. పొందాలని అనుకున్నదీ లేదు. ఫోను పెట్టేశాక ఢిల్లీశ్వరి తన తెర ముందు కూర్చునేది. అమ్మ పేరు పక్కన పచ్చచుక్క ఉందా లేదా అని ఒక్క మీట నొక్కితే తెలుస్తుంది. నొక్కాలంటే వేలు ఆడేది కాదు.

అంతలో కంపెనీ పండుగ ప్రకటించింది. రాష్ట్రమంతటా పైకి వచ్చిన ఎనిమిది మందిని విశాఖకి పిలిచి, పెద్ద హాల్లో, జనం ముందు, ఎదురెదురుగా కూర్చోబెట్టి ఆడిస్తారు. పేర్లు గోడ మీద అంటించారు. ప్రద్యుమ్న ఒక పేరు మీద వేలు పెట్టి మురిసిపోయాడు. “దాలమ్మ, పలాస. జీడిపిక్కలు కొట్టే ఆవిడట! పోస్టర్ అంటే ఇదీ.”

తన తల్లి అని ఢిల్లీశ్వరి చెప్పలేదు. “హాల్లో యంత్రం ఉంటుందాండీ?” అని మాత్రం అడిగింది.

“ఎలా ఉంటుంది? ఇద్దరూ అరటిపండ్లైతే ఆట ఎలా తేలుతుంది? ఆపేస్తాం.”

“మరి ఇన్నాళ్ళూ యంత్రం గెలిపించినవాళ్ళుంటే... అందరి ముందూ...”

“ఓడిపోతారు. ఏడుస్తారు కూడా. ఏడిస్తే చూసేవాళ్ళకి ఇంకా బావుంటుంది ఢిల్లీశ్వరీ. నువ్వే కదా ముఖాల్లోనే అంతా ఉంటుందని చెప్పేదానివి?”

ఆ మధ్యాహ్నం ఆమె మీట నొక్కింది. తల్లి పేరు పక్కన పచ్చచుక్క కనిపించింది. అంతే, ఇంకేమీ చూడలేదు. తెర మూసేసింది.

ఆదివారం ఉదయం బండికి పలాస వెళ్ళింది. దాలమ్మ ఇంటి ముందు అరుగు మీద ఎర్రమ్మతో పాటు ఇంకో నలుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. విశాఖ వెళ్ళడానికి ఏ చీర కట్టాలన్నది వాదన.

“ఆకుపచ్చది కట్టుకో దాలమ్మా, టీవీలో బాగుంటాది.”

“టీవీవోలు నీ సీర సూస్తారేటే? దాని సేతి యేళ్ళు సూస్తారు గానీ!”

“యేళ్ళా! జీడి నూనికి కాలి బొగ్గులయిపోనాయి. గోరింటాకెట్టుకోవే తల్లీ.”

“మావందరం వస్తన్నాం పిల్లా,” అంది ఎర్రమ్మ ఢిల్లీశ్వరిని చూసి. “రైలు టిక్కెట్లు తీసీసినాం. జోగారావు సెలవు ఇవ్వనన్నాడు. ‘ఇవ్వకపోతే దాలమ్మ నీతో ఇంకో ఆట ఆడీగల్దు జాగర్త’ అన్నాను. ఇచ్చీసినాడు!”

అందరూ పకపకా నవ్వి లేచి వెళ్ళారు. దాలమ్మ కూతురి ముందు చోడి అంబలి గిన్నె పెట్టి, నంజుకోవడానికి ఉల్లిపాయ చితక్కొట్టింది. ఢిల్లీశ్వరి గిన్నె ముట్టలేదు. ఓడిపోయి వేదిక మీద నిలబడిన తల్లి ముఖమే కళ్ళకి కడుతోంది. ఎర్రమ్మ ముందు, జోగారావు ముందు, ఊరందరి ముందు. దానికన్నా ఇప్పుడే, నాలుగు గోడల మధ్య, తన నోటే వినడం మేలు అనుకుంది. చెప్పేసింది. గాజులోంచి వేలిని చదవడం, గురి జరపడం, పచ్చచుక్క, అన్నీ చెప్పింది.

దాలమ్మ అంతా విన్నాక, “అయితే నాను అరిటిపండునా?” అంది.

“అమ్మా...”

“గుంటూరోడు నిజంగా గుంటూరోడేనా?”

“తెలీదమ్మా. కావచ్చు. కాకపోవచ్చు.”

“జోగారావు మనిసే కదేటి. ఎదర కూకుని ఆడినాడు.”

“ఆడింది మనిషే. గురి జరిగి ఉండచ్చు.”

“మరి నాను ఓడిపోయిన ఆటలున్నాయి కదే. ఒకటా రెండా?”

“అరటిపండును అప్పుడప్పుడూ ఓడనిస్తారమ్మా. లేకపోతే అనుమానం వస్తుంది.”

దాలమ్మ తల ఊపింది, అర్థమైనట్టు. కొంగుతో ఫోను తెర తుడిచింది. తుడిచిందే మళ్ళీ తుడిచింది. “మీ ఆఫీసులో అందరికీ తెల్సునా ఈ సంగతి? నా పేరు సూసి నవ్వుకున్నారా?”

“లేదమ్మా. ఎవరూ నవ్వలేదు.”

“నువ్వో?”

ఢిల్లీశ్వరి ఏడ్చేసింది. తల్లి ఏడవలేదు. “అంబలి తాగు, సల్లారిపోతాది,” అంది. తర్వాత, “ఆళ్ళకి టిక్కెట్లు వాపసు తీసుకోమని ఎలగ సెప్పాలో,” అని తనలో తను అనుకుంది.

సోమవారం ఆఫీసుకి వెళ్ళేసరికి వసుంధర ఒక్కతే కూర్చుని తెర కేసి చిరాగ్గా చూస్తోంది. పండుగకి ముందు లెక్కలు సరిచూస్తోందట.

“ఇలా రా ఢిల్లీశ్వరీ. వీళ్ళెవరో నాకు అర్థం కావట్లేదు. కొన్ని వందల మంది. గీతే లేదు. ఫోను ఎవరూ ముట్టకుండా బల్ల మీద పెట్టినట్టు చదునుగా ఉంది. ఫోన్లు పాడైపోయాయేమో అనుకున్నా. కానీ అందరూ ఒకేచోట ఉన్నారు. పలాస, కాశీబుగ్గ.”

ఢిల్లీశ్వరి చదునైన ఆ గీత చూసింది. రేషన్ డిపో దగ్గర తల్లి వేలిముద్ర పడక, ఎర్రగా వెలిగే ఆ చిన్న పెట్టె మీద వేలు ఒత్తి ఒత్తి, కొంగుతో తుడిచి మళ్ళీ ఒత్తి, వెనకవాళ్ళు విసుక్కుంటుంటే పక్కకి తప్పుకోవడం గుర్తొచ్చింది. జీడిపిక్క తొక్కలో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఏళ్ళ తరబడి కాలి కాలి వేళ్ళ చివర్లు గీతలు పోయి, అట్టకట్టి, నల్లగా చెక్కలా అయిపోతాయి. వెచ్చదనం బయటికి రాదు. చెమట రాదు. వణుకు రాదు.

“ఫోన్లు కాదు మేడమ్,” అంది. “వేళ్ళు. జీడి కార్ఖానా ఆడవాళ్ళు.”

“అందుకా! యంత్రం వీళ్ళని చదవలేకపోయింది. అందుకే మొదట్లో పెట్టిన చుక్క తియ్యలేదు, అలాగే ఉండిపోయింది.”

“వీళ్ళకి ఎన్నిసార్లు సాయం చేసింది?”

“గీత జారితే కదా సాయం? గీతే లేకపోతే దానికేం తెలుస్తుంది? ఒక్కసారీ చెయ్యలేదు.” వసుంధర ఇంకేదో మీట నొక్కి ఆశ్చర్యపోయింది. “అబ్బో, ఈమె... దాలమ్మ... ఎదుటివాళ్ళకి యంత్రం సాయం చేస్తుంటే కూడా గెలిచిందే! ఎవరమ్మా ఈవిడ?”

ఢిల్లీశ్వరి తెర దగ్గరికి వంగింది. “మా అమ్మ.”

వసుంధర ముఖం విప్పారింది. “ఇంకేం మరి! ఫోన్ చేసి చెప్పు!”

చెప్పింది. మేడ మీదికి వెళ్ళి, గాలిలో గొంతు పోకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, ఒక్కొక్క మాటా విడమరిచి చెప్పింది. “అమ్మా, నేనే పొరబడ్డాను. చుక్క చూసి కంగారుపడ్డాను. నీ వేళ్ళు యంత్రానికి అంతు పట్టలేదు. నీకెవ్వరూ సాయం చెయ్యలేదు. అన్నీ నువ్వే గెలిచావు.”

అటునుంచి కార్ఖానా చప్పుడు వినిపించింది.

“సరేలే,” అంది దాలమ్మ.

“సరేలే ఏంటమ్మా? నిజం చెప్తున్నా. ఒట్టు.”

“నిజవే. నాను కాదన్నానేటి? నువ్వు ఏడవకు. అన్నం తిన్నావా?”

“నువ్వు నమ్మట్లేదు.”

“సూడవే ఢిల్లీ.” దాలమ్మ గొంతు చాలా మెత్తగా ఉంది. “నీకు బల్లో మార్కులు తక్కువొచ్చినప్పుడు నానేటి సెప్పీదాన్ని? మేస్టారు తప్పు దిద్దీసినాడమ్మా అనీదాన్ని. నాకు సదువొచ్చేటి దిద్దడం తెల్డానికి? పిల్ల మనసు కష్టపెట్టుకుంటాదని అలగ అనీదాన్ని. ఇప్పుడు నువ్వు నాకు సెప్తన్నావు. నాకు తెల్దేటి?”

“అది వేరు, ఇది వేరు...”

“ఉంటాను. మేస్త్రీ సూస్తన్నాడు.”

ఢిల్లీశ్వరి ఆ వారం నిలవలేకపోయింది. ప్రద్యుమ్న దగ్గరికి వెళ్ళి, యంత్రం గురించి ఆడేవాళ్ళందరికీ చెప్పేద్దామంది. ఎవరెవరికి సాయం అందిందో, ఎవరికి అందలేదో బయటపెడితే నిజంగా గెలిచినవాళ్ళకి కనీసం వాళ్ళ గెలుపు దక్కుతుందంది. అంత గట్టిగా ఆమె మాట్లాడటం అతను ఎప్పుడూ వినలేదు.

“ఒక్క మనిషి గెలుపు దక్కడానికి కోటిమంది సంతోషం తీసెయ్యమంటావా?” అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు. ఢిల్లీశ్వరికి ఆటో డ్రైవరు ముఖం గుర్తొచ్చింది. ఆ వెలుగు అబద్ధం కాదని అనుకున్నది తనే.

పండుగ రోజున దాలమ్మ వచ్చింది. ఆడాలనిపించి రాలేదు. ఎర్రమ్మావాళ్ళకి చెప్పలేక వచ్చింది. ఆకుపచ్చ చీరే కట్టుకుంది. హాలు నిండిపోయింది. వేదిక మీద బల్లంత గాజు తెర, దానికి అటూ ఇటూ రెండు కుర్చీలు, పక్కనే మైకులు. ఢిల్లీశ్వరి మొదట చేసిన పని వసుంధరతో కలిసి యంత్రం ఆపి ఉందో లేదో తన కళ్ళతో చూసుకోవడం. ఆపి ఉంది. వెళ్ళి తల్లి చేతులు పట్టుకుంది.

“అమ్మా, ఇక్కడ యంత్రం లేదు. నేను చూసొచ్చాను. ఇక్కడ గెలిస్తే నీదే, ఓడితే నీదే.”

“అలగే,” అంది దాలమ్మ, చంటిదాన్ని ఊరుకోబెట్టినట్టు.

మొదటి ఆటలో కాకినాడ ఆయన్ని ఓడించింది. పెరట్లో చెత్త ఊడ్చినంత మామూలుగా ఆడింది. పిక్కలు చెదిరినప్పుడల్లా ఎర్రమ్మ కుర్చీ ఎక్కి ఈల వేసింది. దాలమ్మ అటు చూడనైనా లేదు. రెండో ఆటా గెలిచింది. అప్పటికి హాలు హాలంతా ఆమె పేరే అరుస్తోంది.

ఆఖరి ఆట తెనాలి నుంచి వచ్చిన లిఖిత అనే ఇంజనీరింగు అమ్మాయితో. ఆ పిల్ల నిద్రాహారాలు మాని సాధన చేసి వచ్చిందని కళ్ళ కింద నలుపే చెబుతోంది. ఇద్దరూ సమానంగా నడుస్తుండగా దాలమ్మ ఉన్నట్టుండి ఒక పని చేసింది. గురి చూడకుండా, తల పక్కకి తిప్పుకుని, వేలు లాగి వదిలేసింది. పిక్క ఎక్కడో గట్టు దాటిపోయింది. హాలంతా “అయ్యో!” అంది. యంత్రం ఉంటే జరిపేది కదా, ఇప్పుడైనా తెలిసిందా అన్నట్టు ఢిల్లీశ్వరి ఆశగా తల్లి ముఖం చూసింది. ముఖాలు చదవడమే ఆమె పని. తల్లి పెదవుల చివర సన్నని నవ్వొకటి కనిపించింది. అప్పుడప్పుడూ ఓడనిస్తారని నువ్వే సెప్పినావు కదే అంటోంది ఆ నవ్వు.

తర్వాత దాలమ్మ మామూలుగా ఆడింది. మామూలుగా ఆడితే ఆమెని ఆపగలిగేవాళ్ళు ఆ హాల్లో లేరు. ఆఖరి దెబ్బకి వరస మొత్తం లేచిపోయింది. కాగితం పువ్వులు కురిశాయి. ఎర్రమ్మ వేదిక మీదికి ఎక్కబోతుంటే వాచ్‌మన్లు పట్టుకున్నారు. ప్రద్యుమ్న బంగారు పిక్క ఆకారంలో చేయించిన బహుమతి పట్టుకుని నడిచొస్తున్నాడు.

లిఖిత ఏడుస్తోంది. ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక, రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. దాలమ్మ లేచి అటువైపు వెళ్ళింది. నల్లని వేళ్ళతో ఆ పిల్ల గడ్డం పైకెత్తి, కొంగుతో కన్నీళ్ళు తుడిచింది.

“బాగా సేసినావమ్మా,” అంది ప్రేమగా. “అచ్చం నిజంగా ఏడిసినట్టే ఉన్నాది.”

మైకు పక్కనే ఉంది. ఆ మాట హాలంతా వినిపించింది. ముసలమ్మ భలే చమత్కారంగా అంది అనుకుని జనం గొల్లున నవ్వారు, ముందు వరసలవాళ్ళు చప్పట్లు కూడా కొట్టారు. దాలమ్మ ఆ నవ్వుతున్న ముఖాలన్నిటినీ ఈ చివర్నించి ఆ చివరి దాకా ఒకసారి చూసింది. తర్వాత కూతురి కేసి తిరిగి, అందరికీ తెల్సు, సూసినావా అన్నట్టు తలాడించింది.